గాడ్‌ఫాదర్ మూడో భాగం చూడాలా, వదిలేయాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక మేడ మీద గదిలో స్నేహితులం కొందరం ఆదివారాలు కలిసి పాత సినిమాలు చూస్తాం. గుంటూరు నుంచి కూడా ఇద్దరు ముగ్గురు వస్తారు. అమెరికాలోని ఒక ఇటాలియన్ మాఫియా కుటుంబం మీద వచ్చిన హాలీవుడ్ సినిమా గాడ్‌ఫాదర్ మూడు భాగాలూ వరసగా వేసినప్పటి నుంచి రానివాళ్ళు కూడా ఫోన్ చేసి మరీ మూడో భాగం గురించి అడుగుతున్నారు, అందరూ దాదాపు అవే ప్రశ్నలు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. కథ దాచలేదు, క్లైమాక్స్ సహా చెప్పేశాను. ఇంకా చూడనివాళ్ళు మొదటి మూడు జవాబులు చదివి ఆపేసి, సినిమా చూశాక మిగతావి చదవండి.

మూడో భాగం మొదటి రెండింటి స్థాయిలో ఉందా?

లేదు. మొదటిది 1972లో, రెండోది 1974లో వచ్చాయి. మూడోది 16 ఏళ్ళు ఆగి 1990 క్రిస్మస్ రోజున విడుదలైంది. మొదటి రెండింట్లో ఒక్క సీన్ తీసేద్దామన్నా చెయ్యి రాదు, మూడోదాంట్లో మాత్రం మధ్యలో ఒక అరగంట నీరసంగా నడుస్తుంది, ఎవరు ఎవరి వైపో తెలియని గందరగోళం ఉంది, ఉండాల్సిన ఒక ముఖ్యమైన మనిషి లేడు. ఇవన్నీ ఒప్పుకుంటాను. నా పేచీ అంతా "బాగోలేదట" అన్న ఒక్క మాట విని అసలు చూడకుండా వదిలేసేవాళ్ళతోనే. ఎందుకంటే ఈ సినిమా చివరి అరగంట మొదటి రెండు భాగాల్లోని ఏ అరగంట పక్కనైనా నిలబడుతుంది. పైగా ఆ మాఫియా కుటుంబానికి డాన్ అయిన మైకేల్ కొర్లియోనే చేసినదానికి అతని చేతే లెక్క చెప్పించింది ఈ మూడో భాగమే.

నేరుగా మూడోది చూడొచ్చా?

వద్దండీ. తమ్ముడు తన అన్నను చంపించాడన్న సంగతి మీ కళ్ళతో చూసి ఉండకపోతే ఇందులో సగం సీన్లు మీకు తగలవు. మొదటిది సుమారు 3 గంటలు, రెండోది 3 గంటల 20 నిమిషాలు, మూడోది 2 గంటల 40 నిమిషాలు. ఒక్క రోజులో మూడూ పెట్టుకోకండి. వారానికి ఒకటి చాలు. రెండో భాగం అయ్యాక ఒక వారం గడిస్తే ఇంకా మంచిది, ఆ బరువు కాస్త మనలో దిగాలి.

చిరంజీవి గాడ్‌ఫాదర్‌కి దీనికి సంబంధం ఉందా?

లేదు. 2022లో వచ్చిన చిరంజీవి సినిమా మలయాళం లూసిఫర్‌కి రీమేక్. పేరు ఒకటే, అంతే.

రెండో భాగంలోనే కథ అయిపోయింది కదా, మళ్ళీ ఎందుకు?

అందరికంటే బాగా సినిమా తెలిసినవాళ్ళు అడిగే ప్రశ్న ఇది, కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. రెండో భాగం చివర్లో మైకేల్ సొంత అన్న ఫ్రెడోని సరస్సు మీద పడవలో చంపిస్తాడు. శత్రువులందరూ పోయారు, భార్య దూరమైంది, అన్న పోయాడు, ఇతనొక్కడే కూర్చుని ఉంటాడు. అద్భుతమైన ముగింపు, కాదనను. కానీ ఒకటి గమనించండి. ఆ తీర్పు ఇచ్చింది చూస్తున్న మనం. మైకేల్‌కి అది తెలిసిందా, లోపల ఏమైనా కదిలిందా అన్నది ఆ ముఖంలో మనం వెతుక్కోవాల్సిందే, అతను మాత్రం పెదవి విప్పడు.

మూడో భాగం మొదలయ్యేసరికి అతను అరవైకి దగ్గరపడిన మనిషి. కథ 1979లో జరుగుతుంది. జుట్టు నెరిసింది, షుగర్ ఉంది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. కాసినోలన్నీ అమ్మేశాడు. చర్చికి కోట్ల డాలర్లు విరాళమిచ్చి గౌరవ పతకం వేయించుకుంటాడు. ఇంత డబ్బు, ఇంత పరపతి వచ్చాక ఇక పెద్దమనిషిగా బతకాలని, పిల్లల పేరు మీద మచ్చ లేకుండా చేయాలని అతని ఆశ. ఇలాంటి ఆశ మన బెజవాడ వాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు, పాత గొడవల రోజుల గురించి మా ఇళ్ళల్లో పెద్దవాళ్ళు చెప్పే కథల్లో ఇలా చేతులు కడుక్కోవాలని చూసినవాళ్ళు తప్పకుండా ఉంటారు. కడుక్కుంటే పోతుందా అని రెండో భాగం అడగలేదు. ఆ ప్రశ్న కోసమే మూడో భాగం ఉంది.

అంత ఆలస్యం ఎందుకైంది?

సినిమా తీసిన స్టూడియో పారామౌంట్ వాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు, దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా వద్దంటూనే వచ్చాడు. 1982లో సొంత డబ్బు పెట్టి తీసిన వన్ ఫ్రమ్ ది హార్ట్ ఘోరంగా పోయింది, దాంతో పెద్ద అప్పుల్లో కూరుకుపోయాడు. చివరికి ఒప్పుకోవడానికి ఆ అప్పులూ ఒక కారణం. స్క్రిప్టు రాసుకోవడానికి మూల నవల రాసిన మారియో పుజోకి, తనకి కలిపి ఆరు నెలలు అడిగితే ఆరు వారాలు ఇచ్చారు, క్రిస్మస్‌కి సినిమా దించాలన్నారు. మధ్య భాగంలో కనిపించే ఆ తడబాటుకు మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. ఖర్చు సుమారు 5.4 కోట్ల డాలర్లు, ప్రపంచమంతా కలిపి 13 కోట్లు దాటింది. అంటే మనవాళ్ళు అనుకున్నట్టు ఫ్లాప్ కాదు.

సినిమాలో అసలు పెద్ద లోటు ఏది?

ఆ కుటుంబం లాయర్ టామ్ హేగెన్ లేకపోవడం. ఆ పాత్ర చేసిన రాబర్ట్ డువాల్‌కి పారితోషికం దగ్గర కుదరలేదు. మైకేల్‌గా చేసే అల్ పచినోకి ఇస్తున్నదానికి, తనకి ఇస్తామన్నదానికి మధ్య తేడా మరీ ఎక్కువని ఆయన తప్పుకున్నాడు. దాంతో టామ్ చనిపోయినట్టు ఒక మాటలో తేల్చేసి, ఆ స్థానంలో జార్జ్ హామిల్టన్‌తో కొత్త లాయర్ పాత్ర పెట్టారు. హామిల్టన్ చెడ్డగా చేశాడని కాదు, అతనికి చేయడానికి ఏమీ ఇవ్వలేదు.

ఈ లోటు ఎంతటిదో ఆలోచించండి. టామ్ ఆ ఇంట్లో పెరిగిన మనిషి, రక్తసంబంధం లేకపోయినా అన్నలాంటివాడు, మైకేల్ చేసిన ప్రతిదానికీ సాక్షి. ఫ్రెడో సంగతి తెలిసినవాడు. ముసలి మైకేల్, ముసలి టామ్ ఒక గదిలో ఎదురెదురుగా కూర్చుంటే చాలు, ఒక్క మాట లేకపోయినా సినిమా నిండిపోయేది. రెండో భాగంలో తండ్రి వీటో యవ్వనం కథ ఇవతలి కథతో పాటు నడిచి కొడుకు పతనాన్ని కొలిచి చూపించింది. మూడో భాగంలో ఆ కొలబద్ద టామ్ కావాల్సింది. ఆ పని మైకేల్ చెల్లెలు కానీ (Connie) మీద, మాజీ భార్య కే (Kay) మీద పడింది, వాళ్ళు మోయగలిగినంత మోశారు. ముఖ్యంగా ఆ చెల్లెలు. మొదటి భాగంలో మొగుడి చేత దెబ్బలు తిన్న ఆ పిల్ల ఇక్కడ నల్లబట్టలతో, మైకేల్ కంటే కఠినంగా తయారై, ఎవరిని చంపాలో తానే నిర్ణయిస్తుంది. టాలియా షైర్ ఆ మార్పును ఎంత నమ్మించిందో చాలామంది గమనించనే లేదు.

సోఫియా కొప్పోలా వల్లే సినిమా పాడైందంటారు, నిజమా?

నాకు కోపం తెప్పించే మాట ఇది. మైకేల్ కూతురు మేరీ పాత్రకి మొదట వినోనా రైడర్‌ని తీసుకున్నారు. ఆమె షూటింగ్ కోసం రోమ్ వచ్చి, ఆరోగ్యం సహకరించక చివరి నిమిషంలో తప్పుకుంది. అప్పుడు దర్శకుడు సొంత కూతురు సోఫియాని నిలబెట్టాడు. ఆ పిల్లకి అప్పటికి ఇంకా ఇరవై నిండలేదు. నటనలో శిక్షణ లేదు, సిద్ధం కావడానికి సమయం లేదు. మాట పలకడంలో తడబాటు వినిపిస్తుంది, నిజమే. ప్రేమ సీన్లలో బిగుసుకుపోయింది, అదీ నిజమే. కానీ అమెరికా పత్రికలు ఆమె మీద పడిన తీరు చూస్తే ఒక సినిమాలోని తప్పులన్నీ ఒక అమ్మాయి నెత్తిన రుద్దినట్టుంది. ఏడాదిలోకెల్లా చెత్త నటనకి ఇచ్చే రాజీ (Razzie) అవార్డులు కూడా ఆమెకే రెండు అంటగట్టారు.

నేను చూసేది వేరే. మేరీకి తండ్రి ఎవరో పూర్తిగా తెలియదు, తెలిసినవాళ్ళ మధ్య తెలియని అమాయకురాలు. ఆ ఎదగని తనం, ఆ ఇబ్బందికరమైన నవ్వు పాత్రకి సరిపోయాయి. ఒక ఆరితేరిన నటి చేసి ఉంటే మరింత గొప్పగా ఉండేదేమో, కానీ చివర్లో మెట్ల మీద ఆమె తండ్రి వైపు చూసే చూపు నన్ను వదలదు. ఇంకో విషయం, మొదటి భాగంలో చర్చిలో బాప్టిజం జరిగే పసిబిడ్డ కూడా ఈ సోఫియానే. తర్వాత దర్శకురాలై 2003లో లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్ తీసి, ఆ స్క్రిప్టుకి ఆస్కార్ అందుకుంది.

విన్సెంట్, మేరీ ప్రేమ మనవాళ్ళకి ఎందుకంత ఇబ్బందిగా అనిపిస్తుంది?

మా గదిలో ఈ సీన్లు వచ్చినప్పుడు అందరూ ఒక్కసారిగా సర్దుకుని కూర్చున్నారు. విన్సెంట్ ఎవరు? మైకేల్ అన్న సానీకి పెళ్ళి కాకుండా పుట్టిన కొడుకు. మేరీ మైకేల్ కూతురు. అంటే అన్నదమ్ముల పిల్లలు. మన లెక్కలో వాళ్ళు అన్నాచెల్లెళ్ళు, మేనరికం కూడా కాదు సర్దుకుపోవడానికి. మేనత్త కొడుకు అయ్యుంటే మన ఊళ్ళో సగం మంది శుభలేఖ వేయించేద్దాం అనేవాళ్ళు! ఇటలీ కాథలిక్కుల్లో మేనత్త పిల్లలైనా, చిన్నాన్న పిల్లలైనా ఒకటే, చర్చి ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప పెళ్ళి కుదరదు. అందుకే అక్కడి ప్రేక్షకుడికంటే మనకి ఈ ప్రేమ ఇంకో మెట్టు ఎక్కువ గుచ్చుకుంటుంది.

దర్శకుడు కావాలనే గుచ్చాడు. ఆ కుటుంబం బయటి గాలి ఆడనంతగా మూసుకుపోయింది, ఆఖరికి ప్రేమ కూడా ఆ నాలుగు గోడల్లోనే పుడుతోంది. విన్సెంట్‌కి నాయకత్వం ఇవ్వడానికి మైకేల్ పెట్టే షరతు కూడా కూతురిని వదులుకోమనే. ఆ కుర్రాడు ఒప్పుకుంటాడు. ఆండీ గార్సియా ముఖంలో ఆ క్షణం చూడండి, ఒకప్పటి మైకేల్ మళ్ళీ పుట్టాడు.

వాటికన్ కథ ఏమీ అర్థం కాలేదు, ఒక్కసారి చెప్తారా?

చెప్తాను. వాటికన్ బ్యాంకుని నడిపే ఆర్చ్‌బిషప్ లెక్కల్లో పెద్ద లోటు పెట్టాడు. దాన్ని పూడ్చడానికి మైకేల్ 60 కోట్ల డాలర్లు ఇస్తానంటాడు. బదులుగా చర్చికి వాటా ఉన్న ఇమ్మొబిలియారే అనే పెద్ద భూముల కంపెనీ తన చేతికి రావాలి. డబ్బు తీసుకుంటారు, కంపెనీ మాత్రం చేతికి రానివ్వరు. ఎందుకంటే లోపల ఒక రాజకీయ నాయకుడు, ఒక బ్యాంకరు, ఆ ఆర్చ్‌బిషప్ కలిసిపోయి దోచుకుంటున్నారు. అంతే, ఇంతకు మించి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు.

దీనికి అసలు సంఘటనల పునాది ఉంది. 1978లో పోప్ జాన్ పాల్ 1 ఎన్నికైన 33 రోజులకే చనిపోయాడు. 1982లో రోబెర్టో కాల్వి అనే బ్యాంకరు లండన్‌లో బ్లాక్‌ఫ్రయర్స్ వంతెన కింద ఉరికి వేలాడుతూ కనిపించాడు, అతను నడిపిన బాంకో అంబ్రోసియానో దివాలా తీసింది, దాంట్లో వాటికన్ బ్యాంకుకి లావాదేవీలు ఉన్నాయి. సినిమా వీటిని తనకి కావలసినట్టు కలిపి అల్లుకుంది. పోప్‌కి టీలో విషం కలపడం మాత్రం సినిమా కల్పన, దాన్ని చరిత్రగా ఎవరికీ చెప్పకండి.

మొత్తంలో ఒక్క సీన్ చూడమంటే ఏది చూపిస్తారు?

చర్చిలో పెద్ద మతాధికారి అయిన కార్డినల్ లాంబెర్టో దగ్గర మైకేల్ నోరు విప్పే సీన్. ఎండ పడుతున్న ఒక లోగిలి. నీళ్ళతొట్టిలోంచి ఒక రాయి తీసి లాంబెర్టో పగలగొడతాడు. ఎన్నో ఏళ్ళు నీళ్ళలో ఉన్నా లోపల పొడిగానే ఉంది. యూరప్‌లో మనుషుల సంగతీ ఇంతే, శతాబ్దాలుగా చుట్టూ క్రీస్తు ఉన్నా లోపలికి దిగలేదు అంటాడు. సరిగ్గా అప్పుడే మైకేల్‌కి షుగర్ పడిపోతుంది, తినడానికి తీపి ఏమైనా కావాలని అడుగుతాడు. నారింజ రసం, మిఠాయిలు తెస్తారు. ఒక పెద్ద డాన్ పసిపిల్లాడిలా ఆత్రంగా మిఠాయి నోట్లో వేసుకుంటాడు. ఈ చిన్న పని చూడండి, అక్కడే అతని కవచమంతా ఊడిపోతుంది.

పాపం ఒప్పుకోమంటే ముందు తప్పించుకోబోతాడు. 30 ఏళ్ళయింది, ఇప్పుడు ఏం లాభం అంటాడు. తర్వాత ఒక్కొక్కటీ బయటికొస్తుంది. భార్యకి ద్రోహం చేశాను, మనుషుల్ని చంపాను, చంపించాను. చివరికి ఫ్రెడో దగ్గరికొచ్చేసరికి గొంతు పూడుకుపోయి, మా అమ్మ కడుపున పుట్టినవాణ్ణి చంపాను, మా నాన్న కొడుకుని చంపాను అని ఏడుస్తాడు. దూరంగా గంటలు మోగుతుంటాయి. లాంబెర్టో ఓదార్చడు. నువ్వు బాధపడటం న్యాయమే అంటాడు, నీకు విముక్తి ఉంది కానీ నువ్వు దాన్ని నమ్మవు అంటాడు. రెండు సినిమాల్లో రాయిలా ఉన్న పచినో ఇక్కడ కరిగిపోతాడు, ఎక్కడా అతి చేయకుండా.

క్లైమాక్స్‌లో ఆ పాటల నాటకం ఏంటి, అంతసేపు ఎందుకు?

సిసిలీ దీవిలోని పలెర్మో నగరంలో తియాత్రో మాస్సిమో అనే థియేటర్లో కావల్లేరియా రుస్తికానా అనే ఒపేరా జరుగుతోంది, మైకేల్ కొడుకు ఆంటొనీ అందులో ప్రధాన గాయకుడు. పియెత్రో మస్కాన్యి స్వరపరిచిన ఈ ఒపేరా 1890 నాటిది, సిసిలీ పల్లెటూళ్ళో ఈస్టర్ రోజున పగ, పరువు, చావు కథ. అందులో ఒకడు ద్వంద్వయుద్ధానికి ఒప్పుకుంటూ ఎదుటివాడి చెవి కొరుకుతాడు. సినిమా మొదట్లో విన్సెంట్ తన శత్రువు జోయీ జాజా చెవి కొరికింది గుర్తుందా? అక్కడ మనం పిచ్చి కోపం అనుకున్నది ఇక్కడ స్టేజీ మీద పాత ఆచారంగా కనబడుతుంది. సినిమాని తొందరగా రాశారు అన్నాను కదా, ఈ అల్లిక మాత్రం తొందరలో వచ్చింది కాదు.

స్టేజీ మీద పాట, బయట హత్యలు. ఒకడి సొంత కళ్ళజోడే తీసుకుని అతని మెడలో పొడుస్తారు. మైకేల్‌కి ద్రోహం చేసిన ముసలి డాన్ ఆల్టొబెల్లోకి మైకేల్ చెల్లెలు విషం పెట్టిన మిఠాయి ఇచ్చి, ఎదుటి బాల్కనీ నుంచి దుర్భిణిలో అతను చచ్చేదాకా చూస్తూ కూర్చుంటుంది. అతను ఆమెకి తండ్రి వరస పెద్దమనిషి, ఆమె కళ్ళలో నీళ్ళు కూడా ఉంటాయి. చూసే మనకి టెన్షన్‌తో అరచేతులు తడిసిపోతాయి.

ఆ తర్వాత మెట్లు. మైకేల్ కోసం పేలిన తూటా మేరీకి తగులుతుంది. ఆమె నాన్నా అని కుప్పకూలుతుంది. మైకేల్ నోరు తెరుచుకుని అరుస్తాడు, అరుపు మాత్రం మనకి వినపడదు. ఎడిటర్లలో ఒకరైన వాల్టర్ మర్చ్ ఆ అరుపు శబ్దం తీసేసి మస్కాన్యి సంగీతమే నడవనిచ్చాడు. గొంతులోంచి బయటికి రాలేనంత పెద్ద ఏడుపు అది. చాలా క్షణాల తర్వాతగానీ శబ్దం బయటపడదు. దయచేసి ఈ సీన్ ఫోన్‌లో చూడకండి. మంచి స్పీకర్లు కాకపోతే హెడ్‌ఫోన్స్ అయినా పెట్టుకోండి.

రెండు వెర్షన్లు ఉన్నాయట, ఏది చూడాలి?

2020 డిసెంబర్‌లో కొప్పోలా మళ్ళీ ఎడిట్ చేసి "కోడా: ది డెత్ ఆఫ్ మైకేల్ కొర్లియోనే" పేరుతో విడుదల చేశాడు. ఆయనా పుజో మొదట కోరుకున్న పేరు అదే, 1990లో స్టూడియో ఒప్పుకోలేదు. కొన్ని నిమిషాలు తగ్గింది. ఆర్చ్‌బిషప్‌తో బేరం సీన్ మొదటికే వచ్చింది కాబట్టి కథ ఎటు పోతోందో ముందే తెలుస్తుంది, వాటికన్ గందరగోళం చాలావరకు తీరింది. చివర్లో మైకేల్ చావుని చూపించరు, ముసలి మైకేల్ కుర్చీలో కూర్చుని ఉండగానే ముగుస్తుంది. చావకపోవడమే అతనికి శిక్ష.

మొదటిసారి చూసేవాళ్ళకి నేను కోడానే సిఫార్సు చేస్తాను. చావుని చూపించిన పాత ముగింపు ఇష్టపడేవాళ్ళు మా గదిలోనే ఉన్నారు, వాళ్ళతో వాదన ఇంకా తెగలేదు.

ఆస్కార్లు వచ్చాయా?

ఏడు నామినేషన్లు, ఒక్కటీ రాలేదు. మొదటి భాగానికి మూడు, రెండోదానికి ఆరు వచ్చాయి.

మన తెలుగులో ఇలా ఆలస్యంగా వచ్చిన సీక్వెల్స్ ఎందుకు నిలబడటం లేదు?

బెజవాడ ఇంజినీరింగ్ కాలేజీలో చదివిన రామ్‌గోపాల్ వర్మ 1989లో శివ, 1993లో గాయం తీశాడు. గాయంకి రెండో భాగం 2010లో, వేరే దర్శకుడి చేతిలో, జగపతిబాబుతోనే వచ్చింది. 1996 నాటి భారతీయుడుకి రెండోది 2024లో వచ్చింది. రెండూ చూశాను, రెండింట్లోనూ పాత హీరోని మళ్ళీ నిలబెట్టి పాత ఈలలు మళ్ళీ వేయించుకోవాలన్న తాపత్రయమే కనిపించింది. మధ్యలో గడిచిన ఏళ్ళు ఆ మనిషిని ఏం చేశాయి? దేనికి సిగ్గుపడుతున్నాడు? నిద్ర పడుతోందా? ఇవి అడగలేదు. గాడ్‌ఫాదర్ మూడో భాగం ఎన్ని తప్పులు చేసినా 16 ఏళ్ళ ఆలస్యాన్నే కథగా మార్చుకుంది, మైకేల్ ముసలితనం లేకపోతే ఆ సినిమానే లేదు. మనవాళ్ళు అందులోంచి తుపాకులు, నల్ల కోట్లు తెచ్చుకున్నారు, ఇది తెచ్చుకోలేదు.

ఇంట్లో అందరితో కలిసి చూడొచ్చా?

చిన్నపిల్లలు వద్దు. రక్తపాతం గట్టిగానే ఉంది. కాలేజీ వయసు పిల్లలతో నిక్షేపంగా చూడండి. నాన్నలు కూడా ఉంటే మరీ మంచిది.

నాలుగో భాగం వస్తుందా?

రాదనే అనుకోండి. రెండో భాగంలాగే రెండు కాలాలు పక్కపక్కన నడిపి, ఒకవైపు కుర్ర సానీని, ఇంకోవైపు డాన్ అయిన విన్సెంట్‌ని చూపించాలన్న ఆలోచన కొప్పోలా, పుజోలకి ఉండేది. 1999లో పుజో పోయాడు, ఆయన లేకుండా తీయనని కొప్పోలా పక్కన పెట్టేశాడు. అందులో విన్సెంట్ కథని ఎవరైనా నవలగా రాస్తే మాత్రం మొదటి కాపీ నేనే కొంటాను. విన్సెంట్ ఆ మెట్ల మీద మేరీని పోగొట్టుకున్న తర్వాత ఎలా తయారయ్యాడో నాకు తెలుసుకోవాలనే ఉంది.